మేనల్లుడికి ఉద్యోగమిస్తే తప్పేమిటి? బంధుప్రీతిలో మంచి లేదా?

మడతకాగితం (చర్చ ప్రారంభించినవారు), శనివారం, రాత్రి 9:12

బంధుప్రీతి అనే మాట వింటేనే ముఖం చిట్లించేవాళ్ళలో ఏడాది కిందటి వరకు నేనూ ఒకణ్ణి. ఇప్పుడు ఎటూ తేల్చుకోలేకుండా ఉన్నాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నాది చిన్న ముద్రణాలయం. నాతో కలిపి 14 మందిమి. కిందటేడు మా చెల్లెలి కొడుకును పనిలోకి తీసుకున్నాను. ప్రకటన లేదు, ఇంటర్వ్యూ లేదు. చెల్లెలు ఫోను చేసింది, నేను పంపమన్నాను. అంతే.

వాడు చేరిన మూడో నెలలో ఒక రాత్రి పుస్తకం అచ్చవుతోంది. ఈ పని తెలియనివారి కోసం ఒక మాట. పుస్తకంలో పేజీలు వరుసగా అచ్చు కావు. పెద్ద కాగితం మీద ఒక వైపు ఎనిమిది, రెండో వైపు ఎనిమిది పేజీలు వేసి మూడు మడతలు పెడితే 16 పేజీల ఫారం అవుతుంది. మడతకు ఆ పక్కా ఈ పక్కా పడే రెండు పేజీల సంఖ్యలు కూడితే ఎప్పుడూ 17 రావాలి. 6 పక్కన 11, 7 పక్కన 10. ఆ రోజు ఫైలులో 10, 11 తారుమారయ్యాయి. ప్రూఫు, అంటే అచ్చుకు ముందు సరిచూసే నమూనా, చూసింది నేనే, సరేనని సంతకం పెట్టిందీ నేనే.

మిషన్ ఆగిన చప్పుడు విని బయటికి వచ్చాను. మేనల్లుడు తడి ఆరని కాగితాన్ని అంచులు పట్టుకుని తెచ్చాడు. "మామయ్యా, ఆరు పక్కన పది పడింది. మీరు సంతకం పెట్టిన ప్రూఫులోనే తప్పుంది" అన్నాడు. చిన్నప్పుడు సెలవులకు వచ్చి చిత్తు కాగితాలు మడిచి, అంకెలు వేసి, మళ్ళీ విప్పి చూసుకుంటూ ఆడుకునేవాడు. 17 లెక్క వాడికి ఎవరూ పాఠంగా చెప్పింది కాదు.

అసలు సంగతి తరవాత తెలిసింది. మిషన్ నడిపే పెద్దాయన ఇరవై ఏళ్ళుగా నా దగ్గరున్నాడు. ఆయన ఆ తప్పు ముందే చూశాడట. "మీ సంతకం చూసి ఊరుకున్నానండీ" అన్నాడు.

పరాయివాడు నోరు మూసుకున్నచోట అయినవాడు నోరు విప్పాడు. ఇది బంధుప్రీతి వల్ల కలిగిన లాభం కాదా? దాని వల్ల మంచి జరిగిన సందర్భాలు మీకెవరికైనా తెలిస్తే చెప్పండి. తిట్లు కూడా స్వీకరిస్తాను.

నిలువుటద్దం, శనివారం, రాత్రి 9:40

తిట్టను కానీ, మీరు చెప్పిన కథలో మేనల్లుడి గొప్పతనం కంటే మీ లోపమే నాకు ఎక్కువ కనిపిస్తోంది. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి మీ సంతకం చూసి భయపడ్డాడంటే ఆ భయం పెంచింది ఎవరు? జబ్బు మీ ముద్రణాలయంలో ఉంటే మీరు మేనల్లుణ్ణి మందు అనుకుంటున్నారు.

నేను ఉద్యోగుల ఎంపిక విభాగంలో పనిచేస్తాను. "మావాడైతే ధైర్యంగా చెబుతాడు" అనే మాట చాలామంది యజమానుల నోట విన్నాను. మిగతావాళ్ళు ఎందుకు చెప్పడం లేదో ఆ యజమానుల్లో ఒక్కరూ కనుక్కోలేదు.

తాళపత్రం, శనివారం, రాత్రి 11:05

మడతకాగితం గారూ, మేనల్లుడి ప్రసక్తి తెచ్చారు కాబట్టి చెబుతాను. మనం బంధుప్రీతి అంటున్నదాన్ని ఇంగ్లీషులో నెపోటిజం అంటారు కదా. అది లాటిన్‌లోని నెపోస్ నుంచి పుట్టింది. మనవడికీ, తోబుట్టువుల కొడుక్కీ ఆ భాషలో అదే మాట. క్యాథలిక్ చర్చి అధిపతులైన పోపులకు సంతానం ఉండకూడదు కాబట్టి అన్నదమ్ముల కొడుకులనో, మేనల్లుళ్ళనో తెచ్చి కార్డినల్ పదవుల్లో (పోపు తరవాతి పెద్ద మతాధికారులు, కొత్త పోపును ఎన్నుకునేది వీళ్ళే) కూర్చోబెట్టేవారు. ఆ అలవాటు నుంచే ఈ పేరు వచ్చింది.

వాళ్ళంతా పనికిమాలినవాళ్ళే అనుకుంటే పొరపాటు. నాలుగో పయస్ అనే పోపు 1560లో తన సోదరి కొడుకు కార్లో బొరోమియోను కార్డినల్ చేశాడు. అప్పుడు ఆ కుర్రాడికి 21 ఏళ్ళు. అచ్చమైన మేనల్లుడు, అచ్చమైన బంధుప్రీతి. చర్చి సిద్ధాంతాలనూ, సంస్కరణలనూ తేల్చడానికి ఎన్నో ఏళ్ళుగా సాగుతూ ఆగుతూ వచ్చిన ట్రెంట్ మహాసభ 1563లో ముగిసిందంటే రోములో కూర్చుని ఆ ఉత్తరప్రత్యుత్తరాలన్నీ నడిపిన ఈ మేనల్లుడి పాత్ర అందులో చిన్నది కాదు. తరవాత మిలాన్‌లో 1576లో ప్లేగు వచ్చి అధికారులు, పెద్దలు ఊరు విడిచిపోతే ఆర్చిబిషప్పుగా ఉన్న ఇతను అక్కడే ఉండిపోయి రోగుల మధ్య తిరిగాడు. 1610లో చర్చి ఇతణ్ణి పునీతుడిగా ప్రకటించింది.

అసలు పోపులకు ఆ అవసరం ఎందుకు వచ్చిందో చూడండి. సాధారణంగా ముసలితనంలో ఎన్నికయ్యేవారు. చుట్టూ ఉన్న కార్డినల్స్ అందరూ పాత పోపులు నియమించినవాళ్ళు, వాళ్ళలో పోటీపడి ఓడినవాళ్ళు. అంతమందిలో తలుపు వేసుకుని మాట్లాడటానికి ఒక్క మనిషి కావాలి. మడతకాగితం గారి అవస్థ లాంటిదే.

అయితే ఒక్క బొరోమియోను చూపించి మిగతావాళ్ళను దాచడం న్యాయం కాదు. ఎందరో మేనల్లుళ్ళు భూములూ, భవంతులూ పోగేసుకున్నారు. చివరికి 1692లో పోపు పన్నెండో ఇన్నోసెంట్ దీనికి అడ్డుకట్ట వేశాడు. పోపు బంధువుల్లో అర్హత ఉంటే ఒక్కరిని కార్డినల్ చేయవచ్చు కానీ, చర్చి ఆస్తులు, పదవులు, రాబడులు బంధువులకు కట్టబెట్టకూడదన్నాడు. మనిషిని తెచ్చుకో, ఖజానా తాళం మాత్రం ఇవ్వకు అన్నట్టు!

రెండోవరుస, ఆదివారం, ఉదయం 7:18

ఒక సంస్థలో తొమ్మిదేళ్ళు పనిచేశాను. పై అధికారి పదవీ విరమణ చేస్తే ఆ స్థానం నాదే అనుకున్నాను. నేనే కాదు, అందరూ అనుకున్నారు. ఆరు నెలల ముందు యజమానిగారి అబ్బాయి వచ్చాడు. "అబ్బాయికి కాస్త పని నేర్పండి" అన్నారు. నేర్పాను. ఏ ఖాతాదారు ఏ మాటకు నొచ్చుకుంటాడో, ఏ నెలలో ఏ చెల్లింపు ఆలస్యమవుతుందో తొమ్మిదేళ్ళుగా ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. అది కూడా ఇచ్చాను. జిరాక్సు తీసుకుని తిరిగిచ్చాడు, మర్యాదస్తుడే.

తరవాత ఏం జరిగిందో చెప్పనక్కరలేదు. ఇందులోని లాభాల గురించి మాట్లాడుకోండి, వద్దనను. ఆ లాభాల లెక్కలో నా నోటుబుక్కును కూడా ఎక్కడో ఒకచోట రాసుకోండి.

ఉడుతసాయం, ఆదివారం, ఉదయం 10:31

రెండోవరుస గారి మాట చదివాక ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. నేను జీవశాస్త్రం చెబుతాను కాబట్టి నా వంతు, పేరుకు తగ్గట్టే.

బెల్డింగ్ నేల ఉడుతలని అమెరికాలో ఉన్నాయి. నేలమీద తిరిగే వేటజంతువు కనబడితే ఏదో ఒక ఉడుత నిలబడి కీచుమని అరుస్తుంది. మిగతావి బొరియల్లోకి దూరతాయి. అరిచిన ఉడుత మాత్రం తన జాడ తానే చెప్పుకున్నట్టు అవుతుంది కాబట్టి ఎక్కువగా బలయ్యేది అదే. మరి ఎందుకు అరుస్తుంది? పాల్ షెర్మన్ అనే శాస్త్రవేత్త వాటికి గుర్తులు వేసి ఏళ్ళ తరబడి గమనించి 1977లో ఒక వ్యాసం రాశాడు. ఎక్కువగా అరిచేవి ఆడ ఉడుతలు. అవి పుట్టినచోటే ఉండిపోతాయి కాబట్టి చుట్టూ కూతుళ్ళు, అక్కచెల్లెళ్ళు ఉంటారు. మగవి పెద్దయ్యాక వేరేచోటికి పోతాయి. చుట్టూ అయినవాళ్ళు లేరు, అరుపూ తక్కువే. ఆ వ్యాసం శీర్షికలోనే బంధుప్రీతి అనే మాట ఉంది!

దీని వెనక లెక్కను 1964లో హామిల్టన్ అనే జీవశాస్త్రవేత్త చెప్పాడు. సాయం చేసేవాడికి కలిగే నష్టం కంటే, సాయం పొందినవాడికి కలిగే లాభాన్ని రక్తసంబంధపు వాటాతో (ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చిన జన్యువుల వంతు) హెచ్చిస్తే వచ్చేది ఎక్కువైతే ఆ గుణం నిలుస్తుంది. తోబుట్టువుకు సగం వాటా, తోబుట్టువు బిడ్డకు పావు, పినతండ్రి బిడ్డకు ఎనిమిదో వంతు.

అంటే అయినవారి మీద మొగ్గు మన సంస్థల్లో పుట్టిన అవినీతి కాదు, సంస్థల కంటే ఎంతో పాతది. తల్లి తన బిడ్డకు ముందు పాలు పట్టడం కూడా పక్షపాతమే, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. "అయినవారికి ఆకుల్లో, కానివారికి కంచాల్లో" అని సామెత ఉంది చూడండి, సొంతవాళ్ళను చిన్నచూపు చూసి పైవాళ్ళను నెత్తిన పెట్టుకునేవాణ్ణి ఎగతాళి చేసే మాట అది. సొంతవాళ్ళను అసలే పట్టించుకోని మనిషిని కూడా లోకం పెద్దగా నమ్మదు.

నిలువుటద్దం, ఆదివారం, ఉదయం 11:02

ఉడుత కథ బాగుంది. అందులోనే నాకు కావలసింది దొరికింది. ఉడుత పణంగా పెట్టేది తన ప్రాణం. రెండోవరుస గారి యజమాని పణంగా పెట్టింది ఎవరి తొమ్మిదేళ్ళు? పెద్ద సంస్థలో మేనేజరు తన తోడల్లుడికి ఉద్యోగం ఇప్పిస్తే జీతం మేనేజరు జేబులోంచి పోదు. పరాయి సొమ్ముతో చేసే బంధుప్రీతికి ఉడుత సాక్ష్యం పనికిరాదు.

పోనీ, సొంత సొమ్మే అనుకుందాం. డెన్మార్కు సంస్థల మీద 2007లో వచ్చిన అధ్యయనం ఒకటుంది. అందులో నాకు నచ్చింది వాళ్ళు వాడిన కిటుకు. కష్టాల్లో ఉన్న సంస్థలు బయటివాణ్ణి తెచ్చుకుంటాయేమో, బాగున్నవి కొడుక్కి ఇస్తాయేమో, అలాంటప్పుడు పోలిక తప్పుతుంది కదా. అందుకని యజమాని తొలి సంతానం ఆడపిల్లా మగపిల్లాడా అన్నది చూశారు. తొలిబిడ్డ మగవాడైతే పగ్గాలు కుటుంబంలోనే ఉండే అవకాశం ఎక్కువ. తొలిబిడ్డ ఎవరన్నది సంస్థ లాభనష్టాలను బట్టి నిర్ణయం కాదు. అలా పోల్చి చూస్తే పగ్గాలు ఇంట్లోవాళ్ళకే ఇచ్చినచోట లాభదాయకత కనీసం నాలుగు శాతం పాయింట్లు తగ్గింది. అది యజమాని సొంత డబ్బే. నాన్న ప్రేమకు కట్టిన ధర అనుకోండి.

ఫలానావారబ్బాయి, ఆదివారం, మధ్యాహ్నం 2:47

రెండోవరుస గారూ, నేను మీ కథలోని అబ్బాయి లాంటివాణ్ణే. మీ సంస్థ కాదులెండి.

ఇరవై మూడో ఏట మా నాన్నగారి కార్యాలయంలో చేరాను. మొదటి రోజు నేను గదిలోకి అడుగుపెట్టగానే నవ్వులు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం పదకొండేళ్ళుగా నా వెంటే ఉంది. బాగా చేస్తే నాన్నగారి పలుకుబడి, చెడగొడితే నాన్నగారి గారాబం. ఏ పని చేసినా ఇది నాది అని చెప్పుకునే వీల్లేకపోయింది. తప్పు చేస్తే మొహం మీద చెప్పేవాళ్ళు లేకపోవడం అన్నిటికంటే కష్టం. మడతకాగితం గారి సంతకానికి భయపడ్డారే, మా ఇంటిపేరుకు అలాగే భయపడేవారు. ఒకసారి ఒక ఒప్పందంలో తేదీ తప్పు వేశాను. ముగ్గురి చేతుల మీదుగా వెళ్ళింది, ఎవరూ దిద్దలేదు. అవతలివాళ్ళు ఫోను చేసి నవ్వారు.

మరి లాభం లేదా అంటే ఉంది. చదువు చెప్పని విద్య ఒకటి నాకు వచ్చింది. పదేళ్ళ వయసు నుంచి భోజనాల దగ్గర నాన్నగారు ఎవరికి ఎందుకు అప్పు ఇవ్వలేదో, ఎవరి మాట ఎందుకు నమ్మారో వింటూ పెరిగాను. ఒక మనిషి చెల్లింపు ఎగ్గొట్టబోతున్నాడని నాకు ముందే తెలుస్తుంది. ఎలా తెలుస్తుందని అడిగితే చెప్పలేను. అది జీతమిచ్చి నేర్పించగలిగింది కాదు.

వేదిక నిర్వాహకులు, ఆదివారం, మధ్యాహ్నం 3:20

ఇప్పటి రాజకీయ, సినీ కుటుంబాల పేర్లతో వచ్చిన ఐదు పోస్టులు తొలగించాం. ఆ గొడవకు వేరే శాఖ ఉంది, అక్కడ కొట్టుకోండి.

పొద్దుతిరుగుడు, ఆదివారం, సాయంత్రం 6:55

అందరూ పై కుర్చీల గురించే మాట్లాడుతున్నారు. నేను కింది కుర్చీ గురించి చెబుతాను.

మా తమ్ముడికి నత్తి ఉంది. డిగ్రీలో మంచి మార్కులు. పదిహేడు ఇంటర్వ్యూలకు వెళ్ళాడు. "మీ గురించి చెప్పండి" అనగానే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేవాడు. అవతల కూర్చున్నవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, ఎక్కడా ఎవరూ నవ్వలేదు. "కబురు చేస్తాం" అనేవారు. పద్ధతి ప్రకారం, పారదర్శకంగా, సమానంగా పదిహేడుసార్లు కాదన్నారు.

మా పెదనాన్న తన గిడ్డంగిలో సరుకు లెక్కలు చూసే పని ఇచ్చాడు. వాడి బుర్ర ఎలా పనిచేస్తుందో ఆయనకు చిన్నప్పటి నుంచి తెలుసు కాబట్టి మాట్లాడించి చూడనక్కరలేదు. రెండేళ్ళలో వాడు లెక్కల్లో ఏటేటా పోతున్న తరుగు ఎక్కడిదో పట్టుకున్నాడు. ఇప్పుడు పక్క సంస్థలవాళ్ళు వాణ్ణి పంపమని అడుగుతున్నారు. ఇంకా నత్తి ఉంది.

నిలువుటద్దం గారూ, మీ ఎంపిక విభాగాలు పావుగంటలో మనిషిని కొలుస్తాయి. పెదనాన్న ఇరవై రెండేళ్ళు చూసి కొలిచాడు. ఆ కొలతను మీరు పక్షపాతం అంటారు.

నిలువుటద్దం, ఆదివారం, రాత్రి 8:09

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. మా ఇంటర్వ్యూలు పావుగంటవే. తడబడకుండా మాట్లాడేవాడికి మేము ఎక్కువ మార్కులు వేస్తామన్నదీ నిజమే.

తాళపత్రం, ఆదివారం, రాత్రి 10:26

నమ్మకం గురించి ఇంకొంచెం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మాయర్ ఆమ్షెల్ రోత్‌షీల్డ్ అనే వ్యాపారికి ఐదుగురు కొడుకులు. 19వ శతాబ్దపు మొదటి దశాబ్దాల్లో వాళ్ళు ఫ్రాంక్‌ఫర్ట్, లండన్, పారిస్, వియన్నా, నేపుల్స్ నగరాల్లో ఒక్కొక్కరుగా స్థిరపడ్డారు. టెలిగ్రాఫ్ లేని రోజులవి. వేరే దేశంలో ఉన్న మనిషి మీ డబ్బు పట్టుకుని మాయమైతే అడిగే దిక్కు లేదు, కోర్టు మీద ఆశ లేదు. అక్కడ తమ్ముడు ఉన్నాడంటే ఆ ఒక్క మాటే పత్రం, పూచీకత్తు, సాక్షి సంతకం అన్నీ. ఇంటి యాసలో, హీబ్రూ లిపిలో ఉత్తరాలు రాసుకునేవారు. దారిలో దొరికినా పైవాళ్ళకు చదవడం కష్టం. చట్టం బలహీనంగా ఉన్నచోట చుట్టరికమే చట్టం చేసే పని చేస్తుంది. చట్టం గట్టిపడిన తరవాత కూడా చుట్టరికం ఆ కుర్చీ ఖాళీ చేయదు, చిక్కంతా అక్కడే.

ఇంకొకటి. అమెరికా అధ్యక్షుడు కెనెడీ 1961లో తన తమ్ముడు రాబర్ట్‌ను న్యాయశాఖకు అధిపతి అయిన అటార్నీ జనరల్ చేశాడు. అప్పటివరకు కోర్టులో వకాల్తా నడిపిన అనుభవం అతనికి పెద్దగా లేదు. విమర్శలు గట్టిగానే వచ్చాయి. మరుసటి ఏడాది, సోవియట్ యూనియన్ క్యూబాలో క్షిపణులు పెట్టడంతో అణుయుద్ధం అంచుకు వచ్చిన సంక్షోభంలో, అక్టోబరు 27 రాత్రి, సోవియట్ రాయబారి దోబ్రినిన్‌ను రహస్యంగా కలిసింది ఈ తమ్ముడే. టర్కీలోని అమెరికా క్షిపణులను తీసేస్తాం, కానీ బయటికి చెప్పం అన్న సందేశం ఇచ్చాడు. వేరే మంత్రి ఎవరైనా వెళ్తే "ఇది నిజంగా అధ్యక్షుడి మాటేనా" అన్న సందేహం మిగిలేది. తమ్ముడి విషయంలో ఆ సందేహానికి చోటు తక్కువ.

నిలువుటద్దం, ఆదివారం, రాత్రి 10:50

కథ మొత్తం చెప్పండి తాళపత్రం గారూ. అధికారులు తమ బంధువులను ఉద్యోగాల్లో నియమించకూడదని అదే దేశం 1967లో చట్టం చేసింది. ఆ జాబితాలో అన్నదమ్ములతో పాటు అల్లుళ్ళు, మేనల్లుళ్ళు కూడా ఉన్నారు.

తాళపత్రం, ఆదివారం, రాత్రి 11:15

చేసింది, నిజమే. ప్రభుత్వ పదవి ఇంటి పెరడు కాదు కాబట్టి ఆ చట్టం మంచిదే అంటాను. తమ్ముడు పనికొచ్చాడు, అలాంటి నియామకం మళ్ళీ జరగకుండా చట్టమూ వచ్చింది. రెండూ సబబే అనిపిస్తుంది నాకు. తార్కికంగా ఇది ఎలా కుదురుతుందని అడగకండి, నిద్రవస్తోంది.

పడుకునే ముందు ఇంకొక్కటి. జపాన్‌లో కుటుంబ వ్యాపారాలవాళ్ళు కొడుకు సమర్థుడు కాకపోయినా, అసలు కొడుకే లేకపోయినా సమర్థుడైన యువకుణ్ణి కూతురికిచ్చి, దత్తత తీసుకుని, ఇంటిపేరు పెట్టి పగ్గాలు అప్పగిస్తారు. సుజుకీ మోటార్‌ను 1978 నుంచి దశాబ్దాల పాటు నడిపించిన ఒసాము సుజుకీ అలా వచ్చిన అల్లుడే, అసలు ఇంటిపేరు మత్సుదా. ప్రతిభావంతుణ్ణి వెతికి బంధువును చేసుకోవడం అన్నమాట. బంధువులో ప్రతిభ వెతకడం కంటే ఇది తెలివైన పని.

రెండోవరుస, సోమవారం, ఉదయం 6:40

రాత్రంతా చదివాను. నత్తి ఉన్న తమ్ముడి కథకు కదిలిపోయాను. ఫలానావారబ్బాయి గారు రాసింది చదివాక, నోటుబుక్కు జిరాక్సు తీసుకున్న కుర్రాడు కూడా రాత్రుళ్ళు నిద్రపోయి ఉండడేమో అని మొదటిసారి అనిపించింది.

కానీ ఒకటి చూడండి. పెదనాన్న, మామయ్య, అన్న, నాన్న. ప్రతి మంచి కథలోనూ కుర్చీలో ఒకరు ముందే కూర్చుని ఉన్నారు. మా ఇంట్లో ఏ కుర్చీలోనూ ఎవరూ లేరు. కెనడాలో యువకుల మీద చేసిన అధ్యయనం ఒకటి చదివాను. తండ్రి పనిచేసిన సంస్థలోనే ఎప్పుడో ఒకప్పుడు పనిచేసినవాళ్ళు దాదాపు 40 శాతం మంది. బాగా సంపన్నులైన తండ్రుల విషయంలో ఆ వాటా ఇంకా ఎక్కువ. పొద్దుతిరుగుడు గారి తమ్ముడి లాంటివాడే మా ఇంట్లో పుట్టి ఉంటే పద్దెనిమిదో ఇంటర్వ్యూకు వెళ్ళేవాడు.

పొద్దుతిరుగుడు, సోమవారం, ఉదయం 8:03

అవును. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు.

మడతకాగితం, సోమవారం, రాత్రి 9:30

అందరికీ ధన్యవాదాలు. నిలువుటద్దం గారి మొదటి దెబ్బ బాగానే తగిలింది. ఇవాళ మిషన్ దగ్గర పెద్దాయనతో కూర్చుని, ఆ రాత్రి ఎందుకు ఊరుకున్నారని మళ్ళీ అడిగాను. చాలాసేపు మసిగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. పన్నెండేళ్ళ కిందట ఒకసారి ఇలాగే తప్పు చూపిస్తే నేను అందరిముందూ "నాకు నేర్పుతావా" అన్నానట. నాకు గుర్తు కూడా లేదు. ఆయన తేదీతో సహా చెప్పాడు.

మేనల్లుడు ఆ రోజు లేడు కాబట్టి వాడికి ఆ భయం లేదు. చుట్టరికం వల్ల వచ్చిన ధైర్యం ఎంతో, పన్నెండేళ్ళ కిందటి మాట వినకపోవడం వల్ల వచ్చిన ధైర్యం ఎంతో ఇప్పుడు విడదీసి చెప్పలేను.

వెళ్ళబోతూ ఆయన ఇంకో మాట అడిగాడు. ఆయన కూతురు డిగ్రీ పూర్తిచేసింది, ప్రూఫులు చూసే పని ఖాళీగా ఉంది కదా అని. నిన్నటి నుంచి ఇక్కడ మీరంతా రాసింది చదివి ఉండి కూడా మొదట నా నోటికి వచ్చింది "ప్రకటన ఇద్దామనుకుంటున్నానండీ" అన్న మాటే. నా మేనల్లుడికి గుర్తురాని ప్రకటన ఆయన కూతురికి గుర్తొచ్చింది!

ప్రకటన ఇస్తున్నాను. ఆ అమ్మాయి కూడా వస్తుంది, మిగతావాళ్ళూ వస్తారు. పరీక్ష ఒకటే. ఆ రాత్రి ఆపేసిన ఫారం ప్రూఫు బీరువాలో ఉంది, దాన్నే అందరి ముందూ పెడతాను. పదో పేజీ, పదకొండో పేజీ తారుమారైన కాగితం అది. కింద సరేనని నేను పెట్టిన సంతకం ఉంది. దాన్ని చెరపను.